బ్యాటరీ బాబాయిగారు

ఉద్యోగవిరమణానంతరము కొందరు గోవులను పోషింతురు, కొందరు మనుమలను పోషింతురు. బ్యాటరీని పోషించువారి తెగయొకటి మా పొదిలిలో కలదు. అందగ్రగణ్యులు మా వీధి బ్యాటరీ బాబాయిగారు. వారికి తల్లిదండ్రులిడిన నామధేయము వేఱుగా నున్నది గాని, అది రేషనుకార్డునందు దక్క మఱెచ్చటను వాడుకలో లేదు.

పూర్వము టెలిఫోనునకు కరెంటుకోత బెడద లేదు. ఎక్స్ఛేంజిలో రెండేసి వోల్టుల 24 సెల్లులు బారులు తీరి కూర్చుండి, 48 వోల్టుల విద్యుత్తును రాగితీగ వెంబడి ఇంటింటికి బంపుచుండుటచేత, ఊరెల్ల చీకటిలో మునిగినను ఫోను మాత్రము పలుకుచునే యుండెడిది. అత్తవారింట నుండి పుట్టింటి భోజనమును దెప్పించుకొను కోడలివలె దానికి మన ఇంటి కరెంటుతో ప్రసక్తియే లేకుండెను. 2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్ ప్రారంభమై, నెలకు 149 రూపాయలకే టీవీ, ఇంటర్నెట్టు, ఫోను మూడింటిని కరెంటుస్తంభములమీది గాజుపోగున దెచ్చినది. గాజుపోగు వెలుతురును మోయును గాని కరెంటును మోయదు; కావున గోడకు దగిలించిన పెట్టెకు మన ఇంటి కరెంటే ఆహారము. కరెంటు పోయెనా, ఫోనును పోయెను.

దీనిని స్వీయపరాభవముగా నెంచిన బాబాయిగారు ఒంగోలునుండి ఇన్వర్టరును, 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీని దెప్పించి, నడవలో పీటవేసి ప్రతిష్ఠించిరి. ప్రతిమాసారంభమున స్నానానంతరము ఆఱు మూతలను విప్పి, హైడ్రోమీటరు ముంచి, 1.24 కనబడినచో బిడ్డకు జ్వరము దిగిన తండ్రివలె నిట్టూర్చి, తెల్లని బూజు పట్టిన టెర్మినళ్లను వేడినీట గడిగి, తుడిచి వేజలీను పూయుదురు. ఆవిరి యగునది నీరే గాని యాసిడ్ గాదనియు, నీరు తగ్గిన దని యాసిడ్ పోయువాడు బ్యాటరీహంతకుడనియు వారి సిద్ధాంతము. దారిన బోవు విద్యార్థులను నిలిపి మరీ బోధింతురు. మా ప్రాంతపు బోరునీట ఫ్లోరైడు మెండు. ఆ నీరు ద్రావి మా పండ్లు గారపట్టినవి, మోకాళ్లు బిగిసినవి. అట్టి జల మొక్క చుక్కయైనను బ్యాటరీలో బడనీయక, ఐదులీటర్ల డబ్బాలతో డిస్టిల్డువాటరు గొనితెత్తురు. "ఇన్నేళ్ల కాపురంలో ఆ నీళ్లు నాకొక్క గ్లాసన్నా పోశారా?" యని పిన్నిగా రొకనా డడిగిరి. న్యాయమైన ప్రశ్నయే.

కరెంటు పోయిన క్షణమున నింట అత్యయిక పరిస్థితి. ఫ్యాను లాగును, టీవీ యాగును, వంటింటి దీపమును ఆఱును, సర్వమును ఫోనుకొఱకే. (వీధిచివరి కేబులువాని పెట్టెలో బ్యాటరీ చచ్చినచో ఇంటి బ్యాటరీ యెంత బలిసినను వ్యర్థమే యని నే నొకపరి చెప్పబోయి, ఆ ముఖమును జూచి మానుకొంటిని.)

మొన్న గాలివానకు కరెంటు పోయినది. నే నచ్చటనే యుంటిని. చీకటిలో ఫోను ఖంగున మ్రోగగా పిన్నిగారు ఆత్రముతో లేచిరి గాని, బాబాయిగారే ముందుగా నందుకొనిరి. హైదరాబాదునుండి కూతురు.

"ఏమ్మా, బాగున్నావా? ఇక్కడ కరెంటు లేదు, బ్యాటరీ మీద నడుస్తోంది. పెట్టెయ్యి తల్లీ, ఛార్జింగు అయిపోతుంది."

రిసీవరు బెట్టి, చెమటలు గార్చుకొనుచున్న మాయిద్దఱివైపు దిరిగి, "చూశారా? మోగింది!" అనిరి.