గోరంత వీరుడు

రాజమండ్రిలో తెల్లారగట్ల గోదావరి గట్టుమీద పరిగెత్తేవాళ్ళని మీరు చూసే ఉంటారు. చెవుల్లో పాటలు, చేతికి అడుగులు లెక్కపెట్టే వాచీ, మొహంలో లోకాన్ని జయించిన కళ. వాళ్ళందరి వెనకాల కాస్త కుంటుకుంటూ వచ్చే శాల్తీని నేనేనండి.

యాభై దాటాక కొందరికి భక్తి పట్టుకుంటుంది, కొందరికి ఆరోగ్యం. నాకు రెండోది పట్టింది. "పరిగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలన్నారండీ పెద్దలు" అంది మా ఆవిడ. రోజ్‌మిల్క్ దొరికే ఊళ్ళో కాపరం పెట్టి నీళ్ళు తాగమనడం ఏం న్యాయమో మీరే చెప్పండి.

గట్టు చదును. అసలు డెల్టాలో ఎత్తుపల్లాలెక్కడివి? ఆ లోటు తీర్చుకుందామని ఓ ఆదివారం రోడ్ కం రైలు బ్రిడ్జి ఎక్కాను. 1974 నాటి వంతెన, కింద రైళ్ళు, పైన మనం, రోడ్డు నాలుగు కిలోమీటర్ల పైమాటే. అవతల కొవ్వూరు వైపు వాలు దిగుతుంటే అడుగడుక్కీ బొటనవేలు వెళ్ళి బూటు ముక్కుని గుద్దుకుంటోంది. అయినా కొవ్వూరు వాళ్ళు చూస్తున్నారు కదా అని నవ్వుతూనే దిగాను.

ఇంటికొచ్చి మేజోడు లాగితే గోరు ఎర్రగా కందిపోయి ఉంది. సాయంత్రానికి ఊదారంగు, మర్నాటికి కారునలుపు. తోటి పరుగువీరులు చూసి "ఇప్పుడు అసలైన రన్నర్ అయ్యారండోయ్" అని భుజం తట్టారు. మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు. నేను అందులో సగం కూడా చూసిన మొహం కాదు, గోరు మాత్రం ముందే పూర్తిచేసేసింది. ఆ గర్వంతో వారంపాటు ఇంట్లోనూ వీధిలోనూ చెప్పులేసుకునే తిరిగాను. ఎవరూ అడక్కపోతే కాలు కాస్త ముందుకి చాపేవాణ్ణి.

సరిగ్గా అప్పుడే అమలాపురంలో మా మేనకోడలి పెళ్ళి. దంపతులు వచ్చి కాళ్ళకి దణ్ణం పెడతారు, వీడియో వాడు దగ్గరగా తీస్తాడు, ఈ గోరేంటండీ అని మా ఆవిడ బెంగ. మా అమ్మాయి గోళ్ళరంగు సీసా పట్టుకొచ్చింది. "ఒక్కదానికే వేస్తే అనుమానం వస్తుంది నాన్నా" అని పదింటికీ మెరూన్ రంగు పూసేసింది.

పెళ్ళికొడుకు దణ్ణానికి వంగినవాడు మరి లేవడే! అక్షింతలు పట్టుకుని అలాగే నిలబడ్డాను. భోజనాల దగ్గర వియ్యపురాలు మా ఆవిణ్ణి పక్కకి పిలిచి, "వదినగారూ, అన్నయ్యగారు కూచిపూడి ఏమన్నా నేర్చుకున్నారా?" అనడిగింది. "లేదండి, పరిగెడతారు" అంది మా ఆవిడ. దానికి కూచిపూడే నయం.

పెళ్ళయ్యాక డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళారు. ఆయన మొదట అడిగింది "షుగరుందా?" అని. ఉన్నవాళ్ళు కాలి గోరుని తేలిగ్గా తీసుకోకూడదట. గోరు కింద నెత్తురు చేరి సలుపుతుంటే, ఒకటి రెండు రోజుల్లో వస్తే గోరుకి చిన్న చిల్లు పెట్టి వదిలించేవారట. ఇప్పుడు గడ్డకట్టేసింది, దాన్ని పీకకండి, కొత్తది తోసుకొస్తే అదే ఊడుతుందన్నారు. చిల్లు తప్పినందుకు లోపల ఎంత సంతోషించానో! పైకి మాత్రం "అయ్యో, ఆలస్యమైపోయిందే" అన్నాను. కాలిగోరు నెలకి ఒకటిన్నర మిల్లీమీటరు పెరిగితే గొప్పట. బొటనవేలిది పూర్తిగా రావాలంటే ఏడాది, ఏడాదిన్నర. అంటే సార్వా కోసి, దాళ్వా కోసి, మళ్ళీ సార్వా నాట్లేసినా నా గోరు కోతకి రాదు.

అసలు దొంగ బూటు. కొన్నప్పుడే కొట్టు కుర్రాడు తొమ్మిదో నంబరు తెచ్చాడు. "నాది ఎనిమిదయ్యా, పెళ్ళినాటి నుంచీ అంతే" అన్నాను. నడుం మారింది, జుట్టు మారింది, పాదమైనా మారలేదన్న ధీమా నాది. మా ఆవిడ సుద్దముక్క తెచ్చి, నన్ను గచ్చుమీద నిలబెట్టి, పాదం చుట్టూ గీత గీసింది. దానిమీద బూటు పెట్టింది. చుట్టూతా గీత బయటికే కనిపిస్తోంది! వయసుతోపాటు పాదం పరుచుకుంటుందట, దూరం పరిగెడితే ఇంకాస్త పొంగుతుందట. చివర బొటనవేలి వెడల్పంత జాగా ఉండాలట.

మావాడు ఊరుకుంటాడా! 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఇథియోపియావాడు అబేబే బికిలా వట్టికాళ్ళతో మారథాన్ పరిగెత్తి బంగారు పతకం కొట్టిన సంగతి ఎత్తాడు. "ఆయన బూట్లు కుదరకపోతే బూట్లు విప్పేశాడు నాన్నా. నువ్వు గోరు విప్పేశావు."

ఇప్పుడు తొమ్మిదిన్నర వేసుకుంటున్నాను. కొవ్వూరు వాలు దిగినా వేలికి ఏమీ కావడం లేదు, కుంటు కూడా తగ్గుతోంది. మీరూ కొనబోతుంటే పాదం కాస్త ఉబ్బి ఉండే సాయంత్రంపూట వెళ్ళండి, పరిగెత్తేటప్పుడు వేసుకునే మేజోళ్ళతోనే తొడిగి చూడండి, గోళ్ళు తిన్నగా కత్తిరించుకోండి. నా ఎనిమిదో నంబరు జత కొత్తగానే ఉంది. ఎవరికైనా పడితే తొందరగా వచ్చి తీసుకెళ్ళండి. పాత సామాన్లవాడితో మా ఆవిడ బేరం మొదలెట్టేసింది.