పళ్లకు కాపలా నేను, నొప్పికి మందును కాను

నేను రెండు మిల్లీమీటర్ల మందం అక్రిలిక్ తొడుగును. నైట్ గార్డ్ అంటారు. ఆల్జినేట్ ముద్దలో పళ్ల అచ్చు తీసి, ప్లాస్టర్ నమూనా మీద నన్ను తయారుచేస్తారు. నోట్లో పెట్టాక నీలి కాగితం కొరికించి, మచ్చ ఎక్కువగా పడ్డచోటల్లా అరగదీస్తే పై వరసకు కుదురుకుంటాను. హైదరాబాద్‌లోని ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడల్లో షిఫ్టులు చేసేవాళ్లకూ ఈ బాధ కొత్తది కాదు: చెవి ముందు పోటు, నోరు తెరిస్తే టక్కుమనే చప్పుడు, పొద్దున్నే పట్టేసిన దవడ. చెవిపోటని ఒక డాక్టరు, పంటినొప్పని మరో డాక్టరు, ఆ తర్వాత నేను. పళ్లు అరగకుండా కాపాడడం నా చేతనవుతుంది. నొప్పి మూలం తీసే శక్తి నాకుందని మాత్రం నమ్మకండి.

పళ్లు సరిగా కలవకపోవడమే ఈ నొప్పికి మూలమన్న నమ్మకం బలపడింది 1934 నుంచి. పళ్లు ఊడి దవడ కుంగితే దాని కీలు నలుగుతుందని అమెరికా చెవి, ముక్కు, గొంతు వైద్యుడు జేమ్స్ కాస్టెన్ అప్పుడు రాశాడు. ఆ మాట పట్టుకుని దశాబ్దాలపాటు మంచి పళ్లను అరగదీశారు, వాటికి క్యాపులు వేశారు. కీలుకు ఆపరేషన్లూ చేశారు. 1980ల్లో కీలులో అమర్చిన ప్రోప్లాస్ట్-టెఫ్లాన్ పలకలు పొడిపొడిగా రాలి చుట్టూ ఉన్న ఎముకనే తినేశాయి. 1990ల మొదట్లో వాటిని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. తర్వాత అమెరికాలో 'ఒపెరా' అనే అధ్యయనం దవడ నొప్పి లేని 2,700 మందికి పైగా మనుషులను ఏళ్ల తరబడి గమనించింది. చెడిన నిద్ర, ఒంట్లో ఇతర నొప్పులు, పళ్లు బిగించే అలవాటు ఉన్నవాళ్లకే కొత్తగా దవడ నొప్పి ఎక్కువగా వచ్చింది. అంటే వెతకాల్సింది పళ్ల వరసలో ఒక్కచోటే కాదు, మనిషి నిద్రలో, శ్రమలో, దిగులులో కూడా. ఒకసారి అరగదీసిన పన్ను మళ్లీ రాదు కాబట్టి ఈ తేడా నాకు చాలా ముఖ్యం.

2023 డిసెంబరులో బీఎంజే పత్రిక దీర్ఘకాలిక దవడ నొప్పి మీద వైద్య మార్గదర్శకాలు ప్రచురించింది. పర్యవేక్షణలో దవడ వ్యాయామాలు, కండరాల మర్దన, నొప్పిని ఎదుర్కొనే మానసిక చికిత్స, జబ్బు గురించి ధైర్యం చెప్పి వివరించడం వంటివాటిని గట్టిగా సిఫార్సు చేసింది. నాలాంటి తొడుగుల వైపు మొగ్గు చూపలేదు. మరి తొడుక్కున్నాక తగ్గిందనేవాళ్ల మాటో? వాళ్లు అబద్ధమాడడం లేదు. ఈ నొప్పి ఎగుడుదిగుడుగా నడుస్తుంది. మనిషి డాక్టరు దగ్గరికి పోయేది బాధ ముదిరినప్పుడే, ఆ తర్వాత కొంత దానంతటదే దిగుతుంది. నిద్రలో పళ్లు పటపట కొరుకుతారు కదా, దానికైనా నేను అక్కర్లేదా? అక్కరే, పంటి పింగాణీ అరగకుండా. కానీ నిద్రను పరికరాలతో కొలిస్తే, నొప్పి ఉన్నవాళ్లు లేనివాళ్లకంటే ఎక్కువగా కొరుకుతున్నట్టు తేలలేదు. వ్యాయామాలు చేయించుకునే తీరిక, డబ్బు కార్మికుడికెక్కడివన్నదే నిజమైన అభ్యంతరం. ఈఎస్ఐ పరిధిలోని సంస్థల్లో నెలకు 21,000 రూపాయల వరకు జీతమున్నవాళ్లకు ఆ వైద్య బీమా ఉంది, నాచారంలోనే ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. ఇంట్లో చేసుకునేదానికి ఖర్చూ లేదు: తిన్నప్పుడు, మింగినప్పుడు తప్ప పెదవులు మూసి పళ్లు ఎడంగా ఉంచాలి, నాలుక కొన అంగిలికి ఆనించి నోరు నెమ్మదిగా తెరుస్తూ మూస్తూ ఉండాలి. నొప్పి లేని ఉత్త టక్కు శబ్దానికైతే చికిత్సే అక్కర్లేదు.

ముఖం నొప్పులన్నీ ఇదే జబ్బు కావు. ముఖం కడుక్కున్నా, గాలి తగిలినా కరెంటు షాక్‌లా క్షణాలపాటు కొట్టేది ట్రైజెమినల్ న్యూరాల్జియా. చాలాసార్లు రక్తనాళం ముఖంలోని ట్రైజెమినల్ నరాన్ని దాని మొదట్లో నొక్కడం వల్ల వస్తుంది. దానికి 1960ల నుంచి కార్బమాజెపైన్ ఉంది, పన్ను పీకితే పోదు. శ్రమ చేసినప్పుడు దవడ లాగి, ఛాతీ బరువెక్కి చెమటలు పడితే అది గుండె సంగతి, ఆలస్యం చేయకూడదు. గుట్కా, వక్క నమిలేవాళ్లకు బుగ్గ లోపల తెల్లబారి గట్టిపడి, నోట్లో మూడు వేళ్లు పట్టకపోతే, క్యాన్సర్‌కు దారితీయగల సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్‌ను అనుమానించాలి. అలాంటి నోటికి నన్ను కొలవకముందే వక్క మాన్పించి నోటి వైద్య నిపుణుడికి చూపించాలి.