షాపుల పంచాంగం

పూర్వం ఆషాఢం వస్తే బట్టల కొట్టు యజమాని ఈగలు తోలుకునేవాడు. ముహూర్తాలుండవు, కొత్త కోడలు పుట్టింటికి పోతుంది, అల్లుడు అత్తారింటి గడప తొక్కకూడదు. ఇక కొనేదెవరు? పాత సరుకు వదిలించుకుందామని ఎవరో పుణ్యాత్ముడు ధర తగ్గించాడు. అంతే, శూన్యమాసం కాస్తా శుభమాసమైపోయింది. ఆషాఢంలో అత్తాకోడళ్లు ఒకే గడప దాటకూడదన్న ఆచారాన్ని ఇళ్లలో ఇప్పటికీ నిష్ఠగా పాటిస్తున్నారు. షాపింగ్ మాల్ గడపకు మాత్రం మినహాయింపు.

ఈ నెల ప్రత్యేకం కిలో సేల్. ఇక్కడ చీరను అంచు చూసి, నేత చూసి కొనరు. తూకం చూసి కొంటారు. ఒకావిడ కాటా మీద రెండు చీరలు పెట్టింది. "ఇంకో నూటయాభై గ్రాములు పడితే కిలో అవుతుందమ్మా" అన్నాడు కుర్రాడు. ఆవిడ గబగబా వెళ్లి, రంగైనా చూడకుండా ఓ దుపట్టా తెచ్చి పడేసింది. దాన్ని వేసుకునేవాళ్లు ఆ ఇంట్లో ఉన్నారో లేదో గానీ, కిలో మాత్రం నిండింది.

శ్రావణం రాగానే వరలక్ష్మి పేరు చెప్పి బంగారం, ఆపైన దసరా పేరు చెప్పి టీవీ. మా చిన్నప్పుడు ధన త్రయోదశికి ఇంట్లో ఎవరూ చెంచా కూడా కొన్న గుర్తు లేదు. ఇప్పుడు ఆ రోజు గ్రాము కొనకపోతే లక్ష్మి అలిగి పక్కింటికి పోతుందట! నవంబరులో అమెరికా నుంచి బ్లాక్ ఫ్రైడే దిగుతుంది. అక్కడ నాలుగో గురువారం థాంక్స్ గివింగ్ చేసుకుని మర్నాడు షాపుల మీద పడతారు. మనకు ఆ గురువారం లేదు, శుక్రవారం మాత్రం వచ్చేసింది. సంక్రాంతి చేసుకోకుండా కనుమ చేసుకున్నట్టు.

ఫోనులో పండగ వేరే. 2014 అక్టోబరు 6న ఫ్లిప్‌కార్ట్ 'బిగ్ బిలియన్ డే' అని ఒక్కరోజు సంబరం పెట్టింది. జనం తాకిడికి సైటు కుదేలైంది, మర్నాడు యజమానులు క్షమాపణ చెప్పుకున్నారు. ఆ 'డే' తర్వాత 'డేస్' అయింది. "రెండే మిగిలాయి" అని ఎర్ర అక్షరాలు మెరుస్తాయి, పక్కన గడియారం వెనక్కి పరుగెడుతుంది. లేని తొందర పుట్టించడంతో సహా ఇలాంటి 13 రకాల మాయలు కూడదని 2023లో కేంద్రం మార్గదర్శకాలు జారీ చేసింది. అయినా అర్ధరాత్రి అలారం పెట్టుకుని లేచి మరీ కొంటున్నాం. వైకుంఠ ఏకాదశికి కూడా ఇంత పెందరాళే లేచింది లేదు.

నో కాస్ట్ ఈఎంఐ ఇంకా ముచ్చటైనది. సున్నా వడ్డీ అనేదే ఉండదని రిజర్వు బ్యాంకు 2013లోనే తేల్చింది. అందుకని ఇప్పుడు బ్యాంకు వడ్డీ వేస్తుంది, ఆ మేరకు అమ్మేవాడు ధర తగ్గిస్తాడు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మాత్రం మనవి. కాస్ట్ లేనిది ఎవరికో అర్థమైంది కదా.

ఇక సగానికి సగం తగ్గింపు. చీర మీద ఎమ్మార్పీ ఎంత వేయాలో వేసేవాడి ఇష్టం. అంతకు మించి అమ్మితేనే నేరం, అంకెను ఆకాశానికి ఎత్తి ముద్రిస్తే కాదు. నాలుగు వేలు 'మిగిల్చి'నవాడే చివర్లో సంచికి పది రూపాయలు అడుగుతాడు. ఆ సంచి మీద వాడి షాపు పేరే. వాడి ప్రచారానికి మనమే డబ్బిచ్చి, మనమే మోసుకుంటూ ఊరంతా తిరుగుతాం.

2019 ఫిబ్రవరిలో సిద్దిపేటలో పది రూపాయల చీర కోసం జనం ఎగబడ్డారు. తొక్కిసలాటలో ఆడవాళ్లు గాయపడ్డారు. ఒకావిడ మెడలోని బంగారు గొలుసు పోయిందనీ పేపర్లలో వచ్చింది. ఆ చీర అసలు ధర ఎంత పడిందో ఏ ట్యాగు మీదా ఉండదు.

పాఠక మహాశయులకు ఒక్క మనవి. "రేపే ఆఖరు" అన్న బోర్డు కనబడితే కంగారు పడకండి. ఎల్లుండి తీరిగ్గా ఆ దారినే వెళ్లి చూడండి. బోర్డు అక్కడే ఉంటుంది.