కొట్టివేతకు సంతకం ఏదబ్బా

మూడు వేళ్లతో తెర మీద కిందికి గీకితే చాలంట, ఎదురుగా ఉన్నదంతా బొమ్మయి కూర్చుంటదంట. కొన్ని ఫోన్లలో పవర్ బటనూ, సౌండు తగ్గించే బటనూ ఒకేసారి నొక్కాలంట. ఇంకో రకం ఫోనయితే అరచేతి అంచుతో తెరను పక్కకు తుడిస్తే సరిపోద్దంట. పేజీ పొడుగుంటే జరుపుకుంటా పోయి మొత్తం ఒకే బొమ్మగా కూడా తీయొచ్చంట. తీసుకోండి, ఎవరొద్దన్నారు. సులువైన పనిని చూసి ఏడ్చే రకం కాదు నేను. తీసినోడి పేరు ఆ బొమ్మ మీద యాడా పడదే, అక్కడ మండుతుంది నాకు.

ఆత్మకూరు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు బయట బల్లేసుకుని దస్తావేజులు రాసి బతికినోణ్ణి నేను. అనంతసాగరంలో పొద్దున బస్సెక్కితే మళ్లీ దీపాలు పెట్టే వేళకు ఇల్లు. చెల్‌పార్క్ సిరా బుడ్డి, రెండు పాళీలు, ఒక అద్దుడు కాయితం, అదే నా ఆస్తి. మా పనికి ఆధారం 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం. అందులో 20వ సెక్షన్ ఒకటుంది. వరసల మధ్య ఇరికించిన మాటగానీ, వదిలేసిన ఖాళీగానీ, చెరిపిందిగానీ, దిద్దిందిగానీ దస్తావేజులో ఉంటే, రాసిచ్చినవాళ్లు దాని పక్కన సంతకమో పొడి సంతకమో పెట్టాల. పెట్టకపోతే సబ్ రిజిస్ట్రార్ ఆ కాగితం తీసుకోనని తిప్పి పంపొచ్చు.

మేమైతే పేజీ అడుగున ‘కొట్టివేతలు రెండు, చేర్పు ఒకటి’ అని లెక్క కూడా రాసేవాళ్లం. ఎకరా పది సెంట్లలో పదిని కొట్టి ఇరవై చేయాల్సొస్తే ఒక్కటే గీత గీయాల. ఆ గీత కింద పాత పది చదవడానికి వీలుగా ఉండాల. ఇప్పటి పిల్లకాయలకు ఇది వింతగా ఉంటుంది. తప్పును దాచిపెట్టడం దిద్దుబాటనిపించుకోదు మా బల్లల కాడ. తప్పూ కనపడాల, ఒప్పూ కనపడాల, ఆ మార్పుకు ఎవరు పూచీయో ఆ మనిషీ కనపడాల. అడుగున లేఖరిగా నా పేరూ సంతకమూ ఎట్టాగూ పడేవి. ఏదన్నా తేడా వస్తే కోర్టుకు నన్ను పిలవచ్చు.

ఆ దస్తావేజు లోపలికి పోయినాక ఇంకో తంతు. కంప్యూటర్లు 1998లో గదా వచ్చినాయి. అంతకుముందు ప్రతి దస్తావేజునూ పొల్లు పోకుండా రిజిస్టర్లోకి చేత్తో ఎక్కించేవాళ్లు. స్థిరాస్తులకు బుక్ 1, వీలునామాలకు బుక్ 3. ఒకాయన పైకి చదువుతుంటే ఇంకొకాయన వేలు పెట్టి సరిచూసేవాడు. నాలుగేళ్ల తర్వాత ఎవరికన్నా నకలు కావాల్సొస్తే దరఖాస్తు, రుసుము, రెండు మూడు మాట్లు తిరుగుడు. చేతికొచ్చిన నకలు మీద సీలు, తేదీ, ఇచ్చినాయన సంతకం. అట్టాంటి నకలును కోర్టులో అసలు బదులు చూపించుకోవచ్చని 57వ సెక్షన్లో రాసుంది. ఆలస్యమయ్యేది, నిజమే. బస్సు ఛార్జీలు కూడా దండగయ్యేవి.

ఇప్పుడు చూడండి. మొన్నీమధ్య మా బజారులో ఒకాయన పొలం బేరమాడినాడు. అమ్మేవాడు వాట్సాప్‌లో ఈసీ పంపినాడు. ఈసీ అంటే ఆ భూమి మీద నడిచిన క్రయాలు, తాకట్టులు, భాగపంపకాలు వరసగా చూపించే కాగితం. పంపింది కాగితం కూడా కాదు, స్క్రీన్‌షాట్. నా దగ్గరికి తెచ్చి ‘చూడన్నా, అంతా బాగానే ఉండాదిగా’ అన్నాడు. బాగానే ఉండాది. పైన రెండు క్రయాలు శుభ్రంగా ఉండాయి. రెండో క్రయం తర్వాత బొమ్మ తెగిపోయింది. పేజీ అడుగు లేదు, ముగింపు లేదు, ఎన్ని ఎంట్రీలో తెలిసే దారి లేదు. ‘మిగతాది యాడబ్బయా’ అంటే ‘ఇంతే పంపినాడన్నా’ అన్నాడు. మీసేవకు పోయి సొంతంగా ఈసీ తీయించమన్నాను. మూడో ఎంట్రీ తాకట్టు, ఇంకా తీరలేదు.

అమ్మేవాణ్ణి నిలదీస్తే ఏమన్నాడో తెలుసునా? ‘క్రాప్ చేసేటప్పుడు పొరపాటున పోయిందన్నా’ అన్నాడు. మా కాలంలో ఒక సున్నా చెరిపితే పక్కన సంతకం పెట్టాల్సొచ్చేది. ఈయన తాకట్టునే మొత్తంగా చెరిపినాడు, వేలు జారిందంట.

మా రోజుల్లో అందరూ హరిశ్చంద్రుడి చుట్టాలని నేననడం లేదు. 1984లో కరణాల వ్యవస్థ తీసేసేదాకా అడంగళ్లలో రాత్రికి రాత్రి పేర్లు మారిన ఊళ్లు ఉండాయి. మా వైపు దాని మీద ఎన్ని కతలైనా చెబుతారు. కానీ ఆ దొంగరాతకు ఒక చేతివాటు ఉండేది, సిరా రంగులో తేడా ఉండేది, చెరిపిన చోట కాయితం పలచబడేది. ఎండకు ఎత్తి పట్టుకుంటే బయటపడేది. ఈ అద్దం ముక్కను యాడ ఎత్తి పట్టుకోమంటారు?

అసలు ఫోనుకన్నా రొంత నిజాయితీ ఉండాదని మా మనవరాలు చూపించింది. స్క్రీన్‌షాట్ తీయగానే దాని పేరులోనే ఏడాది, నెల, తేదీ, గంట, నిమిషం, సెకనుతో సహా పడతాయి. పైన టైము, బ్యాటరీ శాతం కూడా ఉంటాయి. బో సంతోషపడ్డాను. తీరా వాట్సాప్‌లో పంపితే అవతలికి చేరేసరికి ఆ పేరు పోయి వాట్సాప్ వేసిన కొత్త పేరుతో దిగుతుంది. పై పట్టీ అందంగా లేదని పంపేవాడే కత్తిరిస్తాడు. సోమశిల గేట్లు ఎత్తినప్పుడల్లా ఈ తమాషా చూస్తుంటాం. 78 టీఎంసీల జలాశయం మా మండలంలోనే ఉండాది. పెన్నకు వరద అనగానే యేనాటి టీవీ స్క్రోలింగో తేదీ తెగ్గొట్టుకుని మళ్లీ ఊరి గ్రూపులన్నీ తిరుగుతుంది. నిరుడుదో నిన్నటిదో తెలియక సామాన్లు మూటగట్టేవాళ్లు కట్టనే కడతారు.

డబ్బుల సంగతి ఇంకా ఘోరం. 2016లో యూపీఐ వచ్చినాక టీ కొట్టుకాడ కూడా చిల్లర గొడవ తీరిందనుకున్నాం. ఆ వెనకే డబ్బులు పంపకుండా పంపినట్టు బొమ్మ చూపించేవాళ్లు తయారయినారు. పచ్చటి టిక్కు గుర్తు, పేరు, మొత్తం, పన్నెండంకెల నెంబరు, అన్నీ అచ్చం అసలుగానే ఉంటాయి. అందుకే ఇప్పుడు కొట్లల్లో ఆ మాట్లాడే పెట్టె పెట్టుకున్నారు. డబ్బు ఖాతాలో పడితేనే అది అరుస్తుంది. అరవకపోతే నువ్వు ఎంత పెద్ద బొమ్మ చూపించినా కొట్టాయన తలెత్తడు. కళ్లకు కనపడినదాన్ని నమ్మక చెవిన పడినదాన్ని నమ్మే కాలమొచ్చింది. చెప్పుడు మాటలు వినొద్దని మా నాయన చెప్పేవాడు, ఇప్పుడుంటే ఏమనేవాడో.

ఇక దిద్దే పనిముట్లు. కత్తిరించేది ఒకటి, గీసేది ఒకటి, మసక చేసేది ఒకటి, తుడిచేది ఒకటి. కొత్త ఫోన్లలో ఒక వస్తువు మీద వేలు పెడితే దాన్ని మాయం చేసి, వెనక ఏముండొచ్చో తనే ఊహించి నింపేస్తుంది. దాచాల్సినప్పుడన్నా సరిగ్గా దాస్తారా అంటే అదీ లేదు. ఆధార్ నెంబరు మీద నల్లటి హైలైటర్ పూసి పంపుతారు. ఆ రంగు పలచన, వెలుతురు పెంచితే అంకెలన్నీ పైకి తేలతాయి. గట్టి పెన్నుతో మూయాల, లేదా ఆఖరి నాలుగంకెలే కనపడే మాస్క్‌డ్ ఆధార్ తీసుకోవాల. అది ఆధార్ వెబ్‌సైట్లోనే ఇస్తారు.

2023 మార్చిలో ఇంకో చిత్రం బయటపడింది. గూగుల్ పిక్సెల్ ఫోన్లలో మార్కప్ అని దిద్దే సాధనం ఉంటుంది. కత్తిరించిన చిన్న బొమ్మను అది పాత ఫైలు మీదే రాసి, మిగిలిన పాత ఫైలు తోకను చెరపకుండా వదిలేసేదంట. ఆ తోకలోంచి కత్తిరించిన ముక్కను తిరిగి రాబట్టొచ్చని సైమన్ ఆరన్స్, డేవిడ్ బుకానన్ అనే ఇద్దరు చూపించినారు. ఫోన్లకు మందు వేశారు సరే, అప్పటికే జనంలోకి పోయిన బొమ్మల సంగతేంది? దొంగ క్రాపులకు నేను వ్యతిరేకినే అయినా, ఈ వార్త చదివిన రోజు మాత్రం కాఫీ ఇంకో గ్లాసు తాగాను.

శాసనాల నకళ్లు తీసేవాళ్ల పద్ధతి తెలుసునా మీకు? రాయి కడిగి, తడి కాయితం పరిచి, గట్టి బ్రష్షుతో మోదుతారు. కాయితం అక్షరాల గుంటల్లోకి దిగుతుంది. పైన సిరా అద్దితే నల్లటి నేల మీద తెల్లటి అక్షరాలు నిలుస్తాయి. మన నెల్లూరు జిల్లా శాసనాలను బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి కలిసి 1905లో మూడు సంపుటాలుగా అచ్చేశారు. ఆ పుస్తకానికి ఇప్పటికీ వాళ్ల పేర్లే పూచీ. శాసనం అచ్చేసేటప్పుడు అరిగిపోయిన అక్షరం చోట చుక్కలు పెట్టడం ఆ విద్యలో మర్యాద. ఊహించి నింపితే అది ఊహేనని గుర్తు పెడతారు. మన ఫోనుకు ఆ మర్యాద ఎవరు నేర్పాల?

ఉదయగిరిని ఏలిన భాస్కర భవదూరుడు వెలిగొండలకు అవతల పోరుమామిళ్లలో చెరువు తవ్వించి 1369లో శాసనం వేయించినాడు. ఆ చెరువుకు అనంతరాజసాగరమని పేరు, మా ఊరి పేరుకు చుట్టమే. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు లక్షణాలు చెప్పి, ఉండకూడని ఆరు దోషాలు కూడా ఆ రాతి మీదే చెక్కించినాడు. ఇప్పటివాళ్ల చేతిలో పడుంటే పన్నెండూ ఉంచి ఆరూ క్రాప్ చేసి స్టేటస్ పెట్టేవాళ్లు.

చట్టమన్నా చివరికి మా దారికొచ్చింది. 2024 జూలై 1 నుంచి పాత సాక్ష్య చట్టం పోయి భారతీయ సాక్ష్య అధినియమం వచ్చింది. దాని 63వ సెక్షన్ ప్రకారం ఫోన్లోంచి తీసిన నకలు కోర్టులో పెట్టాలంటే, అది ఏ పరికరంలోంచి ఎట్టా వచ్చిందో రాసి సంతకం చేసిన సర్టిఫికెట్ జతచేయాల. నిపుణుడి సంతకం కూడా కావాల. వాళ్లు మళ్లీ సంతకం కాడికే వచ్చారని చెప్పి, ఆ రోజు ఇంటికొచ్చినోళ్లందరికీ వినిపించాను. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదనుకోండి.

అందుకే మా మనవరాలికి ఒక రూలు పెట్టాను. ‘అమ్మణ్ణీ, ఏ బొమ్మ కత్తిరించినా, కత్తిరించిన అంచు పక్కన ఆ పెన్నుతోనే నీ పొడి సంతకం, తేదీ గీసి పంపు’ అన్నాను. నా మీద జాలి పడి రెండు రోజులు అట్టాగే చేసింది. మూడో రోజు నవ్వుతా వచ్చింది.

‘ఆ సంతకాన్ని కూడా కత్తిరించి ఇంకో బొమ్మ మీద అంటించొచ్చు తాతా. చూస్తావా?’ అని నా కళ్ల ముందే అంటించింది. అతుకు కనపడలేదు.

‘అందుకేనే, మా ఆఫీసులో సంతకం చాలదని వేలిముద్రల పుస్తకం వేరే పెట్టారు’ అన్నాను.

‘ఇప్పుడూ వేలిముద్రతోనే గదా తాతా ఫోన్ తెరుచుకునేది’ అనింది ఆ గడుగ్గాయి.