ఒక మంచుపెట్టె స్వగతము

మెక్సికో దేశమున యుకతాన్ రాష్ట్రపు ఉత్తరతీరమందలి ప్రోగ్రెసో రేవునకు విహారార్థమై వచ్చువారు, సముద్రములోనికి ఆరు కిలోమీటర్లకు పైగా చొచ్చుకొనిపోయిన మా రేవువంతెనను చూచి ఆశ్చర్యపడుదురు. దాని కొసను నిలిచిన విహారనౌకలను చూచి ముచ్చటపడుదురు. ఆకలి కాగానే తీరవీథి భోజనశాలలలో దేనినుండి సముద్రము చక్కగా కనబడునో దానిలో దూరి కూర్చుందురు. ఎదుట సముద్రమున్నది గనుక కంచములోని చేప అందులోనిదే యని వారి తర్కము. ఆ చేప వారికి విందగునో, మరునాడు మంచము పట్టించునో వంటశాల వెనుక పడియుండి ఎరిగినదానను నేనొక్కతెను. నన్నడిగిన యాత్రికుడు మాత్రము నేటివరకు పుట్టలేదు. నేను మంచుపెట్టెను.

నా పుట్టుకలో చెప్పుకొనదగిన ఘనత లేదు: రెండు ఫైబరుగ్లాసు గోడలు, వాని నడుమ నురుగు, పైన బరువైన మూత, అడుగున నీరు పోవుటకొక తూము, దానికొక బిరడా. నాకు గౌరవము తెచ్చిపెట్టినవాడు నా మొదటి యజమానియైన ముదుసలి జాలరి. తెల్లవారకమునుపే యుకల్పెతెన్ ఓడరేవునకు పోయి, దంచిన మంచును నాలో నింపించి, చేప యెంత తూగునో మంచును అంత తూగవలెనను తన తండ్రినాటి లెక్కను ఒక్కనాడైనను తప్పక, అప్పుడుగాని తన లాంచా పడవను నీటిలోనికి త్రోసెడివాడు కాడు. గాలమునకు పడినది మేరోయైనను పార్గోయైనను, ఎండ సోకనీయక ప్రేవులు తీసి, కడుపులో మంచు కూరి, పొరమీద పొరగా నాలో పేర్చి, కరిగిన నీరు చేపలచుట్టు నిలువకుండ బిరడాను వదులుచేసి, నా మూతమీద తడిగోనె కప్పి, తాను మాత్రము ఎండలో కూర్చుండెడివాడు.

ఆగస్టు 1వ తేది వచ్చెనా, మాకు పండుగ. ఆనాటినుండి డిసెంబరు 15 వరకు ఆక్టోపసు వేట. యంత్రము నాపి పడవను గాలివాటున పోనిచ్చి, ముందును వెనుకను చాచిన పొడుగాటి గడలకు దారములు గట్టి, వాని కొసల పీతలను వ్రేలాడదీయుదురు. గాలము లేదు, వల లేదు. పీతను కౌగిలించుకొన్న ఆక్టోపసు తన లోభముచేతనే పైకి వచ్చును. ఈ ద్వీపకల్పపు నీళ్లలో తప్ప మరెక్కడను దొరకని జాతి యది. దానిని చెడకుండ ఒడ్డునకు చేర్చిన గర్వము నాకింకను పోలేదు.

ఒడ్డు చేరగానే మా ముసలివాని భార్య ఇంటిముంగిటనే నా మూత తెరచెడిది. ఆదివారములందు మెరీదా నగరమునుండి వచ్చు గృహిణుల యెదుట నిలుచుట పరీక్షకు నిలుచుటయే: వారు మొప్పలనెత్తి ఎరుపు చూతురు, కన్ను ఉబ్బి తేటగానున్నదో, లోనికి క్రుంగి మబ్బుపట్టినదో చూతురు, వ్రేలితో నొక్కి ఆ గుంట తిరిగి పూడువరకు ధర యడుగరు. పిమ్మట ఆ చేపను నిలువునా వేయించుకొని, ఊరవేసిన ఎర్రయుల్లితోను, హబనెరో మిరపతోను, వేడి తోర్తియా రొట్టెలతోను మధ్యాహ్నమే తిందురు. నిమ్మరసములో నానవేసిన పచ్చిచేపయైన సెవిచేను ప్రొద్దుగూకిన పిదప బలవంతపెట్టినను ముట్టరు. యాత్రికుడన్ననో, నిమ్మరసము తగులగానే తెల్లబారిన పచ్చిచేపముక్కను చూచి ఉడికినదని నమ్మును. నిమ్మ మాంసపు రూపము మార్చును గాని, అందలి సూక్ష్మజీవులనన్నిటిని చంపజాలదు.

నాకును అలవికానిదొకటి కలదు. పగడపుదిబ్బల నాచునంటి పెరుగు సూక్ష్మజీవుల విషము చిన్నచేపలనుండి పెద్దచేపలకు చేరి, విశేషించి ముదురు బరకూడాలో పోగుపడును. ఆ సిగ్వతేరా విషము మంచునకు లొంగదు, మంటకు లొంగదు, వాసన నీయదు, రుచిని మార్చదు. తిన్నవారిలో కొందరికి చల్లనినీరు కాలినట్లు తోచును. పెద్ద బరకూడా గాలమునకు పడినచో మా ముసలివాడు నా మూత తెరువక దారమునే కోసివేసెడివాడు.

అతని చూపు మందగించిన పిమ్మట నన్ను తీరవీథిలోని యొక భోజనశాలకు అమ్మిరి. అచ్చట నా పతనము బీరుసీసాలతో మొదలైనది. మంచు ఖరీదును లెక్కవేసి సగమునకు తగ్గించిరి; ఆ సగములో సగము సీసాల పాలయ్యెను. పానీయములకై శుద్ధిచేసిన నీటితో చేసిన, నడుమ రంధ్రముగల గొట్టపుమంచు వేరే సంచులలో వచ్చెడిది. అది చాలనినాడు నాలోని చేపమంచునే పిడికిళ్లతో తీసి గ్లాసులలో వేయుటయు నేను చూచితిని. బిరడా ఎక్కడనో పోయినది. దానికి బదులు గుడ్డపీలిక కుక్కిరి. నీరు పోవుదారి లేక చేపలు తమ నెత్తుటిలో తామే నానినవి. ఒకనాడు, మీ వంజరమునకు దాయాదియైన సియెర్రా చేపలు రేవుగట్టున ఎండలో జాముసేపు పడియుండి నాలోనికి వచ్చినవి. అట్టి చేపలో వేడికి పుట్టెడి హిస్టమైనను విషము పిదప ఎంత మంచు వేసినను, ఎంత వేచినను పోదు. వానిని తిన్న దంపతుల ముఖములు కొద్దిసేపటిలోనే దాసానిపూవులైనవి. తలనొప్పి, ఒళ్లెల్ల దద్దురులు. అందరును పాపము హబనెరో మిరపను నిందించిరి.

ఫిబ్రవరి 1 మొదలు మార్చి 31 వరకు మేరోను పట్టరాదని ఇచ్చటి శాసనము. మాంసము మాని చేపలు తిను క్రైస్తవవ్రతకాలమును ఇంచుమించు అప్పుడే వచ్చును. సరిగా ఆ దినములలోనే మా పలకమీద 'నేటి మేరో' అని సుద్దతో వ్రాసెడివారు. నా కడుపులోనున్నదో, మీ ఆంధ్రదేశపు చెరువులలో పెంచు పంగాసుకు జ్ఞాతియై, వియత్నామునుండి గడ్డకట్టి వచ్చిన బాసా. అది తినరానిదని కాదు నా బాధ. ఈ సముద్రమును జన్మములో చూడని చేపను ఈ సముద్రపు బిడ్డ యనిపించుటకు నా మంచును సాక్ష్యము పెట్టిరే యని. తలతోకలతో నున్న చేపను వండకమునుపు చూపుమని అడిగినచో ఆ బొంకు నిలువదు. అడిగినది ఒక్క మెరీదా ముదుసలి. "ఇప్పుడే అయిపోయినదమ్మా," అనెను వడ్డించువాడు. ఆమె మారుమాటాడక లేచిపోయెను. ఆమె వెంట పోవలెనని నాకెంతయో అనిపించినది గాని, పెట్టెలకు కాళ్లు లేవు గదా!

తుదకు నా కీళ్లు విరిగినవి. నా మూతను ఊడబెరికి ఉల్లిపాయలు తరుగు పీటగా చేసికొనిరి. నాలో కొన్నాళ్లు పగిలిన పెంకులు, కొన్నాళ్లు ఖాళీసీసాలు నింపిరి. ఒక తుపానుకు ముందు, ఎగిరిపోయి ఎవరినైన కొట్టునేమో యని ఇసుక నింపి గోడవార కీడ్చిరి, తరువాత మరచిపోయిరి. ఒక్క చల్లనివస్తువైనను లేని యీ కడుపులో ఇప్పుడొక పిల్లి సంసారము చేయుచున్నది. దానికైనను చేపను గూర్చి వివేకము కలదు; వంటవాడు విసరినదానిని ముందు వాసన చూచి, పదింటిలో ఆరింటిని వదలిపెట్టును.

మా ముసలివాని మనుమడు ఇప్పుడు లాంచా నడుపుచున్నాడట. వానికి కొత్త మంచుపెట్టె వచ్చినది. నాకన్న తేలిక, నాకన్న తెలుపు. మూత సరిగా పడుటలేదని వాడు నిన్న ఈ సందులో పోవుచు ఎవరితోనో గొణుగుచుండగా వింటిని. నాకు సంతోషము కలుగలేదని చెప్పిన అబద్ధమగును.