రోడోడెండ్రాన్ వాక్యము: టీకా తాత్పర్య సహితము

మూలము

"గిది రోడోడెండ్రాన్, బావా! ఫోన్ల చూపిస్తున్నది."

అవతారిక

లాల్‌దర్వాజాలో మా నాయనమ్మ విడిచిపోయిన ఇంటి ప్రహరీ మీద ఒక చెట్టు కలదు. ఒక పాయ పెరటివైపు, ఒక పాయ సందువైపు. పేరుచీటీ లేదు. ఆమె ఉన్నన్నాళ్లూ దానికి పేరు అవసరపడలేదు; ఇల్లు పంపకాలకు వచ్చినాక అవసరపడినది. కొంపల్లి నుండి విచ్చేసిన మా మేనత్త కుమారుడు గోడ ముందర నిలిచి, ఫోనెత్తి, పై మహావాక్యమును ప్రవచించెను.

ప్రతిపదార్థము

గిది = స్పష్టము.

బావా = ఇదియే విచారింపదగినది. ఈ సంబోధన దసరాకు వినబడదు. బోరు ఎండిన వేసవిలో ట్యాంకరుకు డబ్బులు వేసుకొందామన్న నాడు అసలే వినబడదు. డాక్యుమెంటు రైటరు ఇంటికి వచ్చిన రోజున మాత్రము తేనెలో ముంచుకొని వెలువడును. కావున బంధుత్వవాచకమని భ్రమపడరాదు, వాటావాచకము.

ఫోన్ల = ప్రత్యక్షమును, అనుమానమును కాదని నేటివారు పైపీటవేసిన ప్రమాణము. ఇదే ఫోను ఇదే కొమ్మను పొద్దున మందారమని ఘోషించినది. ప్రమాణమునకు పూర్వాపర విరోధము దోషము కాదా యని అడిగితిని. "అప్‌డేట్ అయింది" అని సమాధానము.

చూపిస్తున్నది = ఫోను చూపును. మనిషి చూడడు. ఇంతకన్న వివరింపరాదు.

పూర్వపక్ష ఖండనము

రోడోడెండ్రాన్ అనునది చల్లని మంచుకొండల జాతి. వేయికి దగ్గరగా రకములు. ఉత్తరాఖండ్‌లో దానిని బురాంశ్ అందురు, ఆ రాష్ట్రవృక్షము అదియే. దక్షిణాదిలో చూడదలచినవాడు నీలగిరుల ఎత్తులకు ఎక్కవలెను. 1848-49లలో సిక్కిం కొండలలో జోసెఫ్ హుకర్ దొర ఈ జాతినే ఏరుచు, అక్కడి కొలువువారి ఆగ్రహమునకు పాత్రుడై, నిర్బంధములో గూడ ఉండివచ్చెను. పేర్లకై ఆయన పడిన పాటు అట్టిది. మనవాడు చెప్పులు విప్పలేదు.

ఆ జాతి పులుపు మట్టి కోరును. మా గోడ మొదట ఉన్నది పాత మిద్దె కూలినప్పటి సున్నము, గచ్చు, ఇటుక ముక్కలు. మే నెలలో ఆ గోడ తాకిన చేయి వెంటనే వెనక్కి వచ్చును. అక్కడ హిమాలయ వృక్షము బ్రతుకునన్నచో అది వృక్షశాస్త్రము కాదు, మహిమ.

ఇక ముల్లు. రోడోడెండ్రానుకు ముల్లు లేదు, దీనికి కలదు. సాక్షులు కావలెనన్నచో ఆషాఢములో సింహవాహిని మహంకాళి గుడికి ఈ సందుగుండా బోనమెత్తుకొని పోవు ఆడపడుచులను అడుగుడు. ముల్లు పట్టిన కొంగు అబద్ధమాడదు.

సిద్ధాంతము

ఇది కాగితపు పూల చెట్టు. చిన్నపిల్లలకు తెలిసిన సంగతి. రంగు రేకులనుకొన్నవి రేకులు కావు, రంగు తిరిగిన ఆకులు. మూడేసి కూడి ఉండును. అసలు పువ్వు నడుమ నిలిచిన సన్నని తెల్ల గొట్టము.

అయితే ఒకే చెట్టున ఒక కొమ్మ తెలుపు, ఒక కొమ్మ రాణీరంగు ఏల? మేనత్త కుమారుని మతమున ఇవి రెండు చెట్లు, చెరొకటి. కాదు. మేరీ పామర్ అను రకమున తెలుపు, రాణీరంగు ఒకే మానున పూయును. కలకత్తా తోటలో వేరొక మొక్కకు దారితప్పి మొలిచిన కొమ్మయే దీని పుట్టుక. పంపకమునకు లొంగని జాతి.

ప్రాసంగికము

ఈ చెట్టుకు బోగన్‌విల్లా అను పేరు ఫ్రెంచి ఓడ నాయకుడు బోగన్‌విల్‌ది. ఆయన 1766లో భూప్రదక్షిణకు బయలుదేరెను. 1767లో ఓడ రియో రేవున నిలిచినప్పుడు కామెర్సోన్ అను వృక్షశాస్త్రి ఈ మొక్కను గ్రహించి నాయకునికి అంకితమిచ్చెను. ఆ శాస్త్రికి కాలి పుండు. ఆయన వెంట మగవేషములో, నౌకరు పేరుతో ఉన్నది జాన్ బారే అను స్త్రీ. గుట్టలెక్కినది ఆమె, బరువులు మోసినది ఆమె; ఈ కొమ్మను కోసినదీ ఆమెయే కావచ్చునని చరిత్రకారులు అందురు. తాహితిలో గుట్టు రట్టయినది. 1773లో కామెర్సోన్ మారిషస్‌లో మరణించెను. ఆమె స్వదేశము చేరి, ప్రపంచమును చుట్టివచ్చిన తొలి స్త్రీగా నిలిచినది. ఆమె పేర ఆయన ఒక మొక్కకు పెట్టిన పేరు శాస్త్రములో నిలువలేదు. తుదకు 2012లో దక్షిణ అమెరికాకు చెందిన ఒక వంకాయ జాతి మొక్కకు ఆమె పేరు దక్కెను. కెప్టెనుకు ఖండఖండముల ప్రహరీగోడలు, ఆమెకు రెండు వందల ఏండ్ల తరువాత ఒక వంకాయ చుట్టము!

ఎక్కడ ఉంటిమి? ఆఁ, మేనత్త కుమారుడు.

తాత్పర్యము

కాగితపు పూల చెట్టుకు నీళ్లు ఎక్కువైతే ఆకు పెరుగుతుంది, పూలు రావు. నేల కాస్త ఎండాలి. మా నాయనమ్మ సంక్రాంతి దాటగానే బియ్యం కడిగిన నీళ్లు దీనికి ఆపేసి కరివేపాకుకు మళ్లించేది. ఉగాదికల్లా గోడ కనపడేది కాదు. ఆమెకు మేరీ పామర్ తెలియదు. శాలిబండలో ఎవరింటి నుంచి ఆ కొమ్మ తెచ్చిందో తెలుసు, ఎప్పుడు నీళ్లు ఆపాలో తెలుసు, ఆషాఢానికి ముందు ఏ పాయ కొట్టాలో తెలుసు. ఆమె మంచాన పడ్డ ఏడాది ఇవి అడిగి రాసిపెట్టుకున్నవాడు మా వంశంలో ఒక్కడు లేడు. ఇప్పుడు అందరమూ ఫోన్లు పట్టుకొని లాటిన్‌లో తర్కిస్తున్నాము. కోపము వచ్చి వ్యాఖ్యాన మర్యాద తప్పినది. పండితులు మన్నింతురు గాక.

ఫలశ్రుతి

ఈ టీకను విన్నవానికి వృక్షనామ జ్ఞానము కలుగదు. చెట్టు ఎవరి వాటాలో పడునో వాడు దానికి ఏ పేరైనను పెట్టుకొనవచ్చును. రోడోడెండ్రాన్ అన్నను అభ్యంతరము లేదు. కాని లాల్‌దర్వాజా బోనాలకు ముందే, తలపైన దీపముతో నడచువారికి తగలకుండ, సందువైపు పాయను తానే నిచ్చెన వేసుకొని కొట్టవలెను. ఇందుకు సమ్మతించు వారసుడు ఇంతవరకు తేలలేదు. పంపకము వాయిదా పడినది.