గోడసూత్రము – సింహవ్యాఖ్యాసహితము

మూలము: ఇచ్చట మూత్రము పోయరాదు. పోసినవారికి జరిమానా విధింపబడును.

అవతారిక: హైదరాబాదున సైబర్ టవర్స్ నుండి మైండ్‌స్పేస్ వైపు పోవు దారిలో, ఒకానొక ప్రహరీగోడపై ఎర్రరంగున వెలసిన సూత్రమిది. కర్త ఎవరో తెలియదు. రంగు ఆరకముందే పెయింటరే ఉల్లంఘించెనని వదంతి గలదు.

టీక: ఇచ్చట = సీసీ కెమెరాకు అందని ఈ కాస్త మేర; మూత్రము = ప్రసిద్ధము; పోయరాదు = పోయుచున్నారని అర్థము, పనిలేక ఎవడును నిషేధము వ్రాయడు గదా; విధింపబడును = ఎవరిచేత? కర్మణిప్రయోగమున కర్త తప్పించుకొనెను.

తాత్పర్యము: ఈ శాసనము మృగరాజునకు చెల్లదు. ఆ మూత్రమే ఆయన వ్రాత. మగసింహము తోకయెత్తి, పొదకు వీపుచేసి, వెనుకకు చిమ్మును. నేలపాలు చేయక ఆకులపై చిమ్ముటచే, వచ్చువాని ముక్కుకు తిన్నగా అందును. ఒక్కొకమారు వెనుకకాళ్లతో నేల గీరి, తడిపి, ఆ పాదములతోనే నడచిపోవును. ఆ ద్రవమందు ఆవిరియగు రసాయనములను శాస్త్రజ్ఞులు యాభైకి పైగా గుర్తించిరి. తరువాత వచ్చిన సింహము పై పెదవి ముడిచి, నోరు తెరచి నిలుచును. నవ్వుచున్నదని చూచువారందురు. కాదు, అంగిటిపైనున్న జాకబ్సన్ అవయవమునకు వాసన నందించి చదువుచున్నది: ఎవడు వచ్చెను, ఎప్పుడు వచ్చెను, ఆడుదైనచో ఎదకు వచ్చెనా. గర్జన సింహమున్నంతసేపే, వాసన అది వెళ్లిపోయిన పిదపను మాటలాడును, ముఖాముఖి కొట్లాట తప్పించును. మన బహదూర్‌పుర జూలో 2021 మే నెలలో ఎనిమిది ఆసియా సింహములకు కోవిడ్ సోకినదని సీసీఎంబీ పరిశోధనశాల తేల్చెను. ముక్కులు కారినవట. పండితునికి కళ్లజోడు పోయినట్లే గదా!

పూర్వపక్షము: మనుష్యుడును గోడపై తన హద్దు వ్రాయుచున్నాడందురేని, పొసగదు. సింహపువాసన పరాయి మగదానిని తొలగిపొమ్మనును. గోడవాసన పరాయివానిని రమ్మనును. మొదటివాడు అటునిటు చూచి సంకోచించును. రెండవవానికి ఆ వాసనయే అనుమతిపత్రము. ఒకే గోడపై రెండు సూత్రములు: కంటికొకటి, ముక్కుకొకటి. గెలుచునది రెండవది.

ఇక దోషి ఎవడు? గాజుమేడలోనివానికి ఐడీ కార్డు ఆనించిన తలుపు తెరచుకొనును, లోపల అద్దమువంటి బాత్రూము. వానిని నైట్ షిఫ్టుకు దింపి, తెల్లవారుజామున మరల ఎక్కించుకొనుటకు రోడ్డుపక్కనే కునుకుతీయు క్యాబ్ డ్రైవరునకు కార్డు లేదు. బిర్యానీ తెచ్చిన డెలివరీ కుర్రవానికి సెక్యూరిటీ డెస్కు దాకనే ప్రవేశము. సూత్రకారుడు "ఇచ్చట రాదు" అనెనే గాని, "అచ్చట పోవచ్చును" అని ఒక బాణపుగుర్తైనను గీయలేదు. వ్యాఖ్యాత యెంత సమర్థింపజూచినను ఇది మూలమందలి లోపమే.

పాఠాంతరము: కొన్ని గోడలకు అక్షరములు లేవు, అన్ని మతముల దేవుళ్ల బొమ్మల టైల్సు వరుసగా అతికించియుందురు. ఈ పాఠమే బలీయము. టైల్సున్నంత మేర గోడ పొడి. అవి అయిపోయిన చోటినుండి వ్యవహారము యథాప్రకారము.